మండలి పరిశీలనలో ఉన్న పైపు

మండలి ఏర్పడకముందే దానికి లెటర్‌హెడ్డు ఏర్పడింది. ముదురు నీలం అక్షరాల్లో పైన ‘ప్రాంతీయ ప్రజారోగ్య పాలనా సలహా మండలి’ అని ఉంటుంది, కింద చిరునామా కోసం కాస్త ఖాళీ ఉంటుంది. ఆఫీసు ఇంకా దొరకలేదు కాబట్టి ఖాళీ అలాగే ఉండిపోయింది. ఆ కాగితం మీద టైపయిన మొట్టమొదటి ఉత్తరం వెనకవీధి ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేసే నర్సమ్మకి వచ్చింది. ఆమెను మండలిలో క్షేత్రస్థాయి ప్రతినిధిగా నియమిస్తున్నందుకు పైవాళ్ళు ఎంతో సంతోషిస్తున్నారని అందులో రాసి ఉంది.

ఆ సంతోషం ఎలా పుట్టిందో నర్సమ్మకి తెలుసు. మండలిలో తొమ్మిదిమంది ఉండాలి, వాళ్ళలో ఒక్కరైనా సర్కారు జీతం మీద రోజూ రోగుల మొహం చూసేవాళ్ళై ఉండాలని నిబంధన. ఎనిమిదిమందిని ఎంచేసరికే పైవాళ్ళకి ఓపిక అయిపోయింది. ఆ రోజు ఆమె దూది చుట్టల కోసం పెద్దాఫీసుకి వెళ్ళి వరండాలో నిలబడి ఉంది. ఓ గుమాస్తా వచ్చి పేరు అడిగి రాసుకున్నాడు. దూది ఇవ్వడానికే కాబోలనుకుని ఆమె విడమరిచి మరీ చెప్పింది. దూది ఇప్పటికీ రాలేదు, పదవి మాత్రం నాలుగు రోజుల్లో వచ్చింది.

“అయితే ఇక నిన్ను మేడమ్ అనాలన్నమాట” అన్నాడు ఆమె భర్త. ఆయన బస్సు కండక్టరు. ముప్పై ఏళ్ళుగా జనాన్ని ముందుకు జరగమనడం అలవాటైన గొంతు.

“ఏదో ఒకటి అనండి కానీ, ముందు ఆ గిన్నెలు కడగండి” అంది నర్సమ్మ. పైకి అలా అందే గానీ ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదువుకుంది. ఎందుకు దాచడం, ఆమెకి నిజంగానే సంబరంగా ఉంది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆమెను ఎవరూ సలహా అడగలేదు.

అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఒక్కటంటే ఒక్కటే ఉంది, వెనకవీధి మంచినీళ్ళ పైపు. వీధి మలుపులో ఆ పైపు మురుక్కాలవ కిందుగా దాటుతుంది. సరిగ్గా అక్కడే జాయింటు వదులైంది. నీళ్ళు వదిలినంతసేపూ పైపులోది బయటికి కారుతుంది, కట్టేశాక కాలవలోది లోపలికి దిగుతుంది. మర్నాడు పొద్దున మొదటి బకెట్టు పట్టుకున్న ఇంటికి ఆ పాపం చుట్టుకుంటుంది. రెండు నెలల్లో మలుపు అవతలివైపు పిల్లలు పంతొమ్మిదిమంది వాంతులూ విరేచనాలతో ఉపకేంద్రం బల్ల మీద పడుకున్నారు. మలుపు ఇవతలివైపు నుంచి ఒక్కరూ రాలేదు. ఇది కనిపెట్టడానికి ఆమెకి మండలి అక్కర్లేకపోయింది. ఎవరి ఇల్లు ఎక్కడో తెలిస్తే సరిపోయింది.

నీటి సరఫరా విభాగంలో ఓ పైపుల మేస్త్రి ఉన్నాడు. తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నా ఇంకా పర్మినెంటు కాలేదు. తన పిల్లలిద్దరికీ మొదటి టీకా వేసింది ఆమేనని నర్సమ్మని అక్కా అని పిలుస్తాడు. అతను వచ్చి, కాలవలో మోచేతిదాకా చెయ్యి పెట్టి తడిమి చూసి, “జాయింటు ఒక్కటి మారిస్తే చాలక్కా, పూట పని. మా సూపర్‌వైజరుకి చెప్పాను, గురువారం వచ్చి వేసేస్తా” అన్నాడు.

మండలి మొదటి సమావేశం సోమవారం నాడు పెట్టారు.

కాలేజీ వాళ్ళ సెమినార్ హాలు అరువడిగి తెచ్చుకున్నారు. పొడుగాటి బల్ల, తొమ్మిది నీళ్ళ సీసాలు, మనిషికో మైకు. మైకు ముందున్న ఎర్ర బొత్తాం నొక్కితేనే మాట వినిపిస్తుంది. ఒకరు నొక్కగానే మిగతా మైకులన్నీ ఆగిపోతాయి. కాబట్టి అక్కడ గెలుపు ఎవరి వాదన బలమైనదని కాదు, ఎవరి బొటనవేలు చురుకైనదని.

అధ్యక్షులవారు రిటైరైన పెద్ద అధికారి. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆయన దేన్నీ కాదనలేదు, దేన్నీ అవుననలేదు. ఏ కాగితం ముందుకొచ్చినా “పరిశీలిద్దాం” అనేవారు. కింది ఉద్యోగులు చాటున ఆయన్ని పరిశీలనగారు అని పిలుచుకునేవాళ్ళు. ఆ పేరు ఆయన చెవిన పడిందనీ, ఆ విషయాన్ని కూడా పరిశీలిస్తున్నారనీ చెప్పుకుంటారు. నర్సమ్మ పక్క కుర్చీ పళ్ళ డాక్టరుది. ఊళ్ళో ఆయన చెయ్యి పెట్టని నోరు లేదు కనుక ప్రజల మనిషి అన్నారట. చివర్న చిన్న బల్ల వేసుకుని, సన్నగా ఉండే కార్యదర్శి కూర్చున్నాడు. ఎవరేం మాట్లాడినా రాసుకోవడం అతని పని. మాట్లాడకపోయినా రాసుకుంటూనే ఉన్నాడు.

మొదటి గంట ‘ప్రాంతీయ’ అంటే ఎక్కడిదాకా అన్నదానికి సరిపోయింది. రైల్వే గేటు దాకా అని కొందరు, గేటు దాటి అని కొందరు. గేటు మూసి ఉన్నప్పుడు సంగతేమిటని ఒకాయన అడిగాడు. రెండో గంటలో ఇంకో చిక్కు వచ్చిపడింది. ఇది సలహా మండలి కదా, సలహా ఎవరైనా అడిగితే ఇవ్వాలా, అడక్కుండానే ఇవ్వచ్చా? అడగాలంటే ఎవరు అడగాలి? వాళ్ళకి ఆ సంగతి ఎవరు చెప్పాలి? దీనిమీద ఎవరి సలహా అయినా తీసుకుంటే బాగుంటుందని పళ్ళ డాక్టరు అన్నాడు. అది చాలా మందికి నచ్చింది.

టీ అయ్యాక కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు.

“సార్, చిన్న ఇబ్బంది. పదకొండో నిబంధన ప్రకారం మండలి కనీసం ఒక విషయాన్నయినా పరిశీలనకి స్వీకరించాలి. అప్పుడే ఏర్పడినట్టు. లేకపోతే ఇవాళ మనం కూర్చున్నది చెల్లదు.”

ఎనిమిదిమంది పెద్దమనుషులు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ప్రజారోగ్య మండలికి వస్తూ ప్రజారోగ్యానికి సంబంధించిన విషయం ఒకటి వెంట తెచ్చుకోవాలని ఎవరికీ తట్టలేదు. అధ్యక్షులవారు తన నీళ్ళ సీసా మీది అక్షరాలు చదవసాగారు.

అప్పుడు నర్సమ్మ ఎర్ర బొత్తాం నొక్కింది.

అదే ఆమె చేసిన పొరపాటు. అయితే ఆ క్షణాన అది పొరపాటని ఎవరూ అనలేరు. మేస్త్రి ఎలాగూ గురువారం వస్తానన్నాడు, ఇంతమంది పెద్దవాళ్ళ చెవిన కూడా వేస్తే ఇక ఢోకా ఉండదని అనుకుంది. పైపు సంగతి, జాయింటు సంగతి, పంతొమ్మిదిమంది పిల్లల సంగతి, అన్నీ వరసగా చెప్పింది. చెప్పడం అయ్యేసరికి అందరూ చప్పట్లు కొట్టారు. అధ్యక్షులవారు లేచి నిలబడి, “మండలి తొలి విషయంగా వెనకవీధి పైపును పరిశీలనకు స్వీకరిస్తున్నాం” అని ప్రకటించారు. గ్రూపు ఫోటోలో ఆమెను నడిమధ్య నిలబెట్టారు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆమె కాళ్ళు నేలమీద ఆనలేదు. రాత్రి భోజనాల దగ్గర కండక్టరు ఆ కథ అంతా రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు.

గురువారం మేస్త్రి వచ్చాడు. చేతిలో పనిముట్ల సంచి లేదు, మడతపెట్టిన కాగితం ఉంది. నీలం అక్షరాలు దూరం నుంచే కనబడ్డాయి.

“ఇదేంటో చదవక్కా. మా సూపర్‌వైజరు చదివి చేతులెత్తేశాడు.”

నర్సమ్మ చదివింది. మండలి పరిశీలనలో ఉన్న ఏ విషయం మీదా, పరిశీలన పూర్తయ్యేవరకూ, ఏ శాఖా ఏ ఉద్యోగీ ఎటువంటి చర్యా తీసుకోరాదు. కింద కార్యదర్శి సంతకం.

“అంటే?” అంది, అర్థమవుతూనే ఉన్నా.

“అంటే నేను ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుంది.” మేస్త్రి ఉండబట్టలేక అడిగేశాడు. “అక్కా, కోప్పడకు. ఇవాళ నేను వస్తానని నీకు తెలుసుగా. మరి మన పైపుని తీసుకెళ్ళి వాళ్ళ చేతిలో ఎందుకు పెట్టావు?”

నర్సమ్మ ఉపకేంద్రం తలుపు తీసి, మందుల అలమారాలో ఉన్న క్లోరిన్ బిళ్ళలన్నీ కొంగులో పోసుకుని ఇల్లిల్లూ తిరిగింది. నీళ్ళు మరిగించుకోండని చెప్పిన ఇంటికే మళ్ళీ చెప్పింది. నాలుగిళ్ళలో విన్నారు. అయిదో ఇంట్లో ముసలాయన, “పైపు బాగు చేయిస్తానన్నావుగా, మళ్ళీ ఈ బిళ్ళలెందుకు?” అన్నాడు. ఆమె బిళ్ళలు కిటికీ గట్టు మీద పెట్టి వచ్చేసింది.

మర్నాడు సెలవు పెట్టి కార్యదర్శిని వెతుక్కుంటూ వెళ్ళింది. మండలికి ఆఫీసు లేదు కాబట్టి అతను కాలేజీ మెట్ల కింద, విరిగిన కుర్చీలు పేర్చిన గదిలో కూర్చుని ఉన్నాడు.

“నా పైపు నాకు వెనక్కి ఇచ్చెయ్యండి” అంది నర్సమ్మ.

“అలా కుదరదమ్మా. స్వీకరించింది మండలి, వెనక్కి ఇవ్వాల్సిందీ మండలే. వచ్చే నెల సమావేశంలో మీరు తీర్మానం పెట్టాలి.” అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “పెట్టినా ఒప్పుకోరు. మండలి చేతిలో ఉన్న విషయం అదొక్కటే. దాన్ని ఇచ్చేస్తే మండలి లేదు. మండలి లేకపోతే దాన్ని ఇచ్చేయడానికి ఎవరూ లేరు.”

“ఇంకేదైనా విషయం వాళ్ళకిచ్చి నా పైపు తీసుకోవచ్చుగా.”

“ఏడుగురిని అడిగాను. ఎవరూ తేలేదు. నిజం చెప్పమంటారా? మీరు తెచ్చిన విషయంలోనే చిక్కుంది. ఎప్పటికీ తేలనిది ఏదైనా తేవలసింది. జనం అలవాట్లు మారాలి లాంటిది. అలాంటిదైతే ఎన్నేళ్ళు పరిశీలించినా ఎవరికీ హాని ఉండదు. మీరు పూటలో అయిపోయే పని తెచ్చి పెట్టారు.”

అతను మంచివాడే. ఆమెకి మంచినీళ్ళు కూడా ఇవ్వబోయాడు. ఆమె వద్దంది.

రెండో సమావేశంలో పైపుని తిరిగిమ్మని నర్సమ్మ బొత్తాం నొక్కిందో లేదో, ఇంకొకరి బొటనవేలు ముందుకొచ్చింది. పైపు ఆరోగ్యం కిందికి వస్తుందా, నీళ్ళ కిందికి వస్తుందా, పైన రోడ్డు ఉంది గనక రోడ్ల కిందికి వస్తుందా? మురుక్కాలవని వదిలేస్తే దానికి అన్యాయం చేసినట్టు కాదా? పళ్ళ డాక్టరు పంటి చిగురుని ఉదాహరణగా తీసుకుని పదిహేను నిమిషాలు మాట్లాడాడు. చివరికి అందరూ ఒకేమాట మీదికి వచ్చారు. మండలి స్వయంగా వెళ్ళి పైపుని చూడాలి. అందరికీ వీలయ్యే రోజు మూడు వారాల తర్వాత ఉంది. అప్పటిదాకా పైపు ఉన్నది ఉన్నట్టుగా ఉండాలి, లేకపోతే చూసి లాభమేమిటి? మర్నాటికల్లా వీధి మలుపులో ఓ రేకు బోర్డు వెలిసింది. ‘మండలి పరిశీలనలో ఉన్నది, తాకరాదు.’ మూడు నెలలుగా ఉలుకూ పలుకూ లేని యంత్రాంగం ఆ బోర్డు పాతడానికి మాత్రం ఇద్దరు మనుషుల్నీ సిమెంటునీ పంపింది.

బోర్డు పడిన ఎనిమిదో రోజున టైలరమ్మ కూతురు పడిపోయింది.

టైలరమ్మది మలుపు దాటాక మొదటి ఇల్లు. కుట్టుమిషన్ తప్ప వేరే దిక్కు లేని మనిషి. కూతురికి నాలుగేళ్ళు, అందరూ బుడిగీ అంటారు. నర్సమ్మ ఇచ్చిన బిళ్ళలు తల్లి రోజూ నీళ్ళలో వేస్తూనే ఉంది, ఆ ఒక్కరోజు కుట్టుపని మీద బయటికెళ్ళింది. పిల్ల పంపు కింద నోరు పెట్టి తాగింది. సాయంత్రానికి కళ్ళు లోపలికి పోయాయి. నర్సమ్మే పిల్లని భుజాన వేసుకుని ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది.

రెండు రోజులు సెలైన్ ఎక్కించాక పిల్ల కళ్ళు తెరిచింది. ఆ మధ్యాహ్నం వార్డులో మంచం పక్కన టైలరమ్మ నేలమీద కూర్చుని ఉంది. నర్సమ్మని చూసి లేచింది.

“నన్ను చూసి నవ్విందమ్మా. ఇందాకే” అంది.

“నా మీద కోపం లేదా నీకు?”

“కోపమెందుకు? అంత పెద్ద మీటింగులో మా వీధి గురించి నువ్వు మాట్లాడావని మిషన్ దగ్గరికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పాను.”

తిట్టి ఉంటే బాగుండేదని నర్సమ్మకి అనిపించింది. బుడిగి చెయ్యి, సూది గుచ్చి ప్లాస్టర్ అంటించిన చెయ్యి, దుప్పటి మీద ఉంది. ఆ చేతి మీద ఎక్కడా కండ లేదు. ఇరవై ఆరేళ్ళలో అలాంటి చేతులు ఎన్నో పట్టుకుంది, కానీ ఇది తను చేసిన పని. చప్పట్లకి మురిసిపోయి, ఫోటోకి నిలబడి, ఈ పిల్ల నోటికి కాలవ నీళ్ళు తనే అందించింది. బయటికి వచ్చి ఆసుపత్రి గోడకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు అయ్యాక మొహం కడుక్కుని నేరుగా మేస్త్రి ఇంటికి వెళ్ళింది.

“రేపు మా ఆయనకి వారపు సెలవు. గునపం, పార ఇంట్లో ఉన్నాయి. జాయింటు ఎక్కడ దొరుకుతుందో చెప్పు, మేమే వేస్తాం” అంది.

మేస్త్రి ఆమె వంక చూసి, “నేను ముట్టుకోను. ఇద్దరు పిల్లలున్నారు” అన్నాడు.

“ముట్టుకోమనలేదు.”

అతను కాస్త ఆలోచించి అన్నాడు. “ముట్టుకోవద్దని కాగితంలో ఉంది. నోటితో చెప్పొద్దని ఎక్కడా లేదు.”

మర్నాడు పదిగంటలకి, పట్టపగలు, నలుగురూ చూస్తుండగానే పని మొదలైంది. కండక్టరు గునపంతో తవ్వుతుంటే నర్సమ్మ పారతో మట్టి ఎత్తిపోసింది. మేస్త్రి బోర్డు పక్కన గట్టు మీద కూర్చుని రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. “ఇంకాస్త ఎడమకి బావగారూ. అంత గట్టిగా కాదు, పైపు పగులుద్ది. ఇప్పుడు పానాతో పట్టు. అలా కాదు.” కండక్టరు పానాని టిక్కెట్ల మిషన్ పట్టినట్టు పట్టాడు. పాత జాయింటు రాలేదు. ఇంకోసారి తిప్పాడు, చెయ్యి జారి బురదలో కూర్చుండిపోయాడు. గంట గడిచింది. పళ్ళు బిగపట్టి చూస్తున్న మేస్త్రి మొహం ఎర్రబడుతోంది. తొమ్మిదేళ్ళుగా ఆ పనిచేస్తున్నవాడు, కళ్ళెదుట ఒకడు ఆ పనిని అంత దారుణంగా చేస్తుంటే ఎంతసేపని ఓర్చుకుంటాడు?

“లేవండి బావగారూ, మీకు దణ్ణం పెడతాను” అంటూ గోతిలోకి దూకాడు.

ఇరవై నిమిషాల్లో పాత జాయింటు బయటికి వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళకి కొత్తది బిగిసింది. నీళ్ళు వదిలి చూస్తే చుక్క కారలేదు. గొయ్యి పూడ్చి, మట్టి తొక్కి, బోర్డుని ఎక్కడిదక్కడే ఉంచేశారు. దాన్ని తాకరాదని ఉంది మరి.

చెప్పిన రోజుకి మండలి మూడు కార్లలో దిగింది. బుడిగి అప్పటికి ఇంటికి వచ్చి గుమ్మంలో కూర్చుని ఉంది. వీధిలో కొత్తగా ఎవరికీ విరేచనాలు లేవు. పెద్దమనుషులు బోర్డు చుట్టూ గుండ్రంగా నిలబడి పొడినేలని చూశారు.

“పైపేదీ?” అన్నారు అధ్యక్షులవారు.

“నేల లోపల ఉంది సార్” అన్నాడు కార్యదర్శి.

“మరి లీకేదీ?”

పళ్ళ డాక్టరు వంగి, చిన్న టార్చి వేసి నేలని పరీక్షగా చూశాడు. ఇంత దూరం వచ్చి చూడటానికేమీ లేకపోతే ఎలా అని ఒకాయన గొణిగాడు. ఇంకొకాయన చాలా మర్యాదగా, “పోనీ, మనం చూసినంతసేపూ కొంచెం వదులు చేసి చూపించగలరా?” అని అడిగాడు.

“పరిశీలిద్దాం” అన్నారు అధ్యక్షులవారు.

నర్సమ్మ ముందుకు వచ్చి, సరిగ్గా జాయింటు ఉన్నచోట రెండు కాళ్ళూ ఆనించి నిలబడింది. చివరి కారు కదిలేదాకా అక్కణ్ణించి జరగలేదు.

సెమినార్ హాలుకి తిరిగొచ్చి టీ తాగేసరికి అధ్యక్షులవారి మొహం వికసించింది. లీకు లేదంటే ఏమిటి? పోయిందన్నమాట. ఎప్పుడు పోయింది? మండలి పరిశీలనలో ఉండగా పోయింది. మండలి ఏర్పడి మూడు నెలలైనా నిండకముందే ఒక ప్రజారోగ్య సమస్య సమూలంగా పరిష్కారమైందని ఆయన ప్రకటించారు. చప్పట్లు మోగాయి. ఆ ఊపులోనే ఇంకో తీర్మానం చదివారు. నీటి సరఫరా విభాగం లెక్క ప్రకారం ఈ ప్రాంతంలో ఇలాంటి వదులు జాయింట్లు ఇంకా పద్దెనిమిది ఉన్నాయి. ఆ పద్దెనిమిదినీ మండలి ఈ క్షణం నుంచీ పరిశీలనకి స్వీకరిస్తోంది.

పద్దెనిమిది మలుపులు, పద్దెనిమిది కాలవలు. ఒక్కో మలుపు దగ్గరా ఒక్కో టైలరమ్మ ఉంటుంది. నర్సమ్మ బొత్తాం నొక్కింది. ఈసారి ఎవరి బొటనవేలూ ఆమెది దాటి రాలేదు.

“పైపు దానంతటది బాగుపడలేదండి. నేను బాగుచేయించాను. మీరు వద్దన్నాక చేయించాను. మండలిని అడగలేదు, చెప్పలేదు. శిక్షేదైనా ఉంటే నాకు వెయ్యండి. ఆ పద్దెనిమిదినీ మాత్రం వదిలెయ్యండి.”

ఇందాకటి చప్పట్లని ఏం చేసుకోవాలో హాల్లో ఎవరికీ తెలియలేదు. తొలి విజయం అప్పుడే మినిట్సులోకి ఎక్కింది, కార్యదర్శి కలం గాల్లో ఆగిపోయింది. అందరూ అధ్యక్షులవారి వంక చూశారు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. ముప్పై నాలుగేళ్ళ అనుభవం ఊరికే పోలేదు.

“మీరెవరమ్మా?” అన్నారు చల్లగా.

“నర్సుని.”

“అది మీ ఉద్యోగం. ఇక్కడ మీరు సభ్యురాలు. సభ్యురాలు చేసిందంటే మండలి చేసినట్టే. ఇందులో తప్పుపట్టడానికేముంది? మీరు అనవసరంగా బాధపడుతున్నారు.”

చప్పట్లు మళ్ళీ మొదలయ్యాయి, ఇందాకటి కంటే గట్టిగా. గండం గడిచిందని ఎనిమిది మొహాలూ తేటపడ్డాయి. నర్సమ్మ బొత్తాం మీంచి వేలు తియ్యలేదు. నోటిదాకా వచ్చిన మాటని మింగి, ఇంకో మాట అంది.

“ఆ ముక్క రాయిస్తారా సార్?”

“ఏ ముక్క?”

“సభ్యురాలు చేసిందంటే మండలి చేసినట్టే అని.”

“తప్పకుండా. రాసుకోవయ్యా” అన్నారు ఆయన కార్యదర్శితో, ఉదారంగా. అతను రాశాడు. రాస్తూ ఒకసారి తలెత్తి నర్సమ్మ వంక చూశాడు, మళ్ళీ తల వంచుకుని అక్షరం పొల్లుపోకుండా పూర్తి చేశాడు. ఆమె పైకి చదవమంది. చదివాడు. అందరూ తలలూపారు. పద్దెనిమిది జాయింట్ల తీర్మానం కూడా అదే ఊపులో ఆమోదం పొందింది. కాపీ ఎప్పుడిస్తారని ఆమె అడిగితే, వచ్చే నెల సమావేశంలో ఖరారు చేశాక అన్నారు. ఆమె కుర్చీ వెనక్కి జరిపి లేచింది. బోర్డులు ఏ రంగులో ఉండాలన్న చర్చ అప్పుడే మొదలైంది కనుక ఎవరూ ఆపలేదు.

మెట్ల మీద మేస్త్రి కూర్చుని ఉన్నాడు. తన బతుకేమవుతుందో తెలుసుకుందామని పొద్దున్నుంచీ పని మధ్యలో వదిలేసి వచ్చి కూర్చున్నాడు. సంచి కాళ్ళ దగ్గర ఉంది.

“ఉద్యోగం ఉందా అక్కా, ఊడిందా?”

“ఉంది. ఆ పైపు బాగుచేసింది నువ్వు కాదట, మండలట.”

“మండలా? అది గోతిలోకి ఎప్పుడు దిగింది?”

“నేను దిగాగా. నేను చేస్తే మండలి చేసినట్టేనట. రాయించాను.”

“కాగితం ఇచ్చారా?”

“వచ్చే నెల ఇస్తారట.” ఆమె పద్దెనిమిది జాయింట్ల సంగతి కూడా చెప్పింది. మేస్త్రి తల పట్టుకున్నాడు.

“అవన్నీ నాకు తెలిసినవే అక్కా. ఇంకేం, రేపు పొద్దున్నకల్లా వద్దని ఉత్తరం వచ్చేస్తుంది.”

“ఇక్కడికి దగ్గర్లో ఏది?”

“స్కూలు వెనకది.”

“అయితే దానికి ఇవాళే వెళ్దాం” అని నర్సమ్మ మెట్లు దిగింది. మేస్త్రి ఒక్క నిమిషం తటపటాయించి, సంచి భుజానికెత్తుకుని ఆమె వెనకాలే నడిచాడు.